ఎవరూ లేని ఫోటో కోసం ధర్మవరం దాకా

నేను తీసే ఫోటోల్లో మనుషులుండరు. గొప్ప కోసం చెప్పడం లేదు. మా ఇంట్లో నా మీద ఉన్న ముఖ్యమైన ఫిర్యాదు అదే కాబట్టి ముందే చెప్పేస్తున్నాను. జూనియర్ కాలేజీలో ఫిజిక్సు చెప్పి రిటైరయ్యాక ఒక కెమెరా కొనుక్కున్నాను. ఖాళీ బెంచీలు, ఖాళీ వరండాలు, రైలు వెళ్లిపోయాక మా తెనాలి ప్లాట్‌ఫారం, ఇలాంటివి తీస్తూ ఉంటాను. చూసినవాళ్లు మర్యాదకు "బాగుంది మాస్టారూ" అంటారు. కాసేపు ఆగి, ఇంతకీ ఇందులో ఏది చూడాలి అని అడుగుతారు. మా ఆవిడ సుభద్రకు ఆ మర్యాద కూడా లేదు. ఫోటో అన్నాక అందులో ఎవరో ఒకరు ఉండాలని, లేకపోతే చెయ్యి తగిలి బటన్ నొక్కుకుపోయినట్టు ఉంటుందని ఆవిడ అభిప్రాయం.

మొన్న చలికాలంలో వాళ్ల చెల్లెలి కూతురి పెళ్లి కుదిరింది. పట్టుచీరలు ధర్మవరంలో, అదీ నేసేవాళ్ల ఇంటికే వెళ్లి కొనాలని సుభద్ర పట్టు పట్టింది. సంచులు మోయడానికి నేను కావాలి. సరే వస్తాను, ముందు హిందూపురం, పెనుకొండ చూసుకుని వెళదాం అన్నాను. మా కాలువల దేశంలో కెమెరా ఎటు తిప్పినా ఒక కొబ్బరిచెట్టో, గేదో, సైకిలో వచ్చి పడుతుంది. ఆ వైపు నేల ఆకాశం దాకా ఖాళీగా పరుచుకుని ఉంటుందని విన్నాను. ఏది చూడాలి అని ఎవరూ అడగలేని ఖాళీ ఫోటో ఒక్కటైనా తీసుకురావాలని నా పంతం.

హిందూపురం: ఖాళీ యార్డులో జనం

హిందూపురంలో రంగనాథ శెట్టి ఉన్నాడు. డిగ్రీ చదివే రోజుల్లో హాస్టల్లో ఒకే గది మాది. చింతపండు, బెల్లం, ఎండుమిర్చి వ్యాపారం చేస్తాడు. అంగట్లో కూర్చుని ఒక ఫోనులో కన్నడం, ఇంకో ఫోనులో తెలుగు మాట్లాడతాడు. రెండూ ఒకేసారి మోగాయంటే తెలుగాయనకు కన్నడంలోనూ, కన్నడాయనకు తెలుగులోనూ ధర చెప్పేస్తాడు. వాళ్లిద్దరికీ అర్థమవుతుంది. మా ఊళ్లో అలా అయితే బేరం తెగిపోయేది.

పొద్దున్నే మమ్మల్ని ఉగ్గాని తినడానికి తీసుకెళ్లాడు. మాకు మరమరాలంటే సాయంత్రం పూట పొట్లం కట్టించుకుని నమిలేవి. ఇక్కడ వాటిని బొరుగులంటారు. నీళ్లలో తడిపి, పిండేసి, ఉల్లిపాయలూ పచ్చిమిర్చీ తాలింపు పెట్టి, పైన పుట్నాల పొడి చల్లి, పక్కన మిరపకాయ బజ్జీతో టిఫినుగా తింటారు. తడిసిన మరమరాలను సుభద్ర మొదట అనుమానంగా చూసింది. తర్వాత ఇంకో ప్లేటు అడిగి పెట్టించుకుంది. ముగ్గురం తిన్నదానికి మా వైపు హోటల్లో ఇద్దరికి దోసెలు కూడా రావు.

నా ఫోటోల సంగతి విని శెట్టి వ్యాపారస్తుడిలాగే ఆలోచించాడు. "సరుకు లేని అంగడి ఫోటో తీస్తే దివాలా తీసిందనుకుంటారప్పా," అన్నాడు. అయినా స్నేహితుణ్ణి కాదనలేక, ఆ రోజు క్రయవిక్రయాలు లేని మార్కెట్ యార్డుకు స్కూటరు మీద తీసుకెళ్లాడు. సుభద్ర వెనక ఆటోలో వచ్చింది.

యార్డు నేను కలలుగన్నట్టే ఉంది. పొడుగ్గా రేకుల షెడ్డు, ఊడ్చిన సిమెంటు నేల, మిరపకాయలు వెళ్లిపోయాక గాలిలో మిగిలిన ఘాటు. మనిషి లేడు. నేను మూడుకాళ్ల స్టాండు నిలబెట్టి, కెమెరా బిగించి, తుమ్ములు ఆపుకుంటూ కన్ను ఆనించాను.

అంతలో వెనకాల ఒకాయన వచ్చి నిలబడి, నేను చూసేవైపు చూశాడు. ఆయనకు అక్కడ ఏమీ కనిపించలేదు. దగ్గరికెళ్తే కనిపిస్తుందేమోనని నడుచుకుంటూ నా ఫోటోలోకి వెళ్లాడు. ఆయన ఏం చూస్తున్నాడో చూద్దామని ఇంకో ఇద్దరు వెళ్లారు. వాళ్లను చూసి గేటు దగ్గర లారీవాళ్లు వచ్చారు. జనం పోగవుతున్నారని టీ క్యాను పట్టుకుని ఒకాయన వచ్చాడు. మార్కెట్ లేని రోజు చిన్న మార్కెట్ తయారైంది.

తలపాగా చుట్టిన పెద్దాయన ఒకరు నా దగ్గరికొచ్చి, ఇక్కడ ఏం కడతారని అడిగారు. ఏమీ కట్టడం లేదండీ అన్నాను. ఆయన నమ్మలేదు. నా స్టాండును సర్వే పరికరం అనుకున్నారు.

"ఏమీ కట్టకుంటే కొలతలెందుకు తీస్తాండారు సార్? కడితే కట్టండి గానీ, ముందు ఆ మూల ఒక కొళాయి పెట్టించండి. సరుకు తెచ్చినోళ్లకు తాగను నీళ్లు లేవు ఈడ."

నేను ఆఫీసర్ని కానని, రిటైరైన లెక్చరర్నని, ఖాళీ స్థలాల ఫోటోలు తీస్తుంటానని శెట్టి అందరికీ విడమరిచి చెప్పాడు. దీనికి దుడ్లు ఎవరిస్తారని ఒకరు అడిగారు. ఎవరూ ఇవ్వరని శెట్టి చెప్పాడు. అందరూ నావైపు జాలిగా చూశారు. పెద్దాయన నాకు టీ ఇప్పించి, డబ్బు నన్ను తియ్యనివ్వలేదు.

ఆ జనం మధ్య టీ గ్లాసుతో నిలబడ్డ నన్ను సుభద్ర తన ఫోనులో తీసింది. ఈ యాత్రలో బాగా వచ్చిన మొదటి ఫోటో ఇదే అని ఆటోలో కూర్చున్నంతసేపూ చెప్పింది.

పెనుకొండ: ఆడబిడ్డ చేను

సోమందేపల్లి మీదుగా పెనుకొండకు బస్సు. వేయించిన వేరుశనక్కాయలు కొనుక్కుని, తొక్కలు కిటికీలోంచి పారేస్తే వెనక సీటావిడ మీద పడి, ఆవిడకు క్షమాపణలు చెప్పుకుంటూ దిగాం. ఆవిడ కోప్పడలేదు. మిగిలిన కాయలు మాత్రం తీసేసుకుంది.

విజయనగర రాజులు వేసవిలో పెనుకొండకు వచ్చి ఉండేవారంటారు. ఆ కాలం నాటి గగనమహల్ కమానులు చూస్తే నాకు ప్రాణం లేచొచ్చింది. ఒక కమాను వెనక ఇంకో కమాను, వాటి వెనక నీడ. చూసేవాళ్లు ఆ రోజు తక్కువ. కానీ నేను సుభద్రతో వచ్చాను. ఆవిడ చిలకపచ్చ చీర కట్టుకుంది. ఏ కమానులోకి చూసినా అందులో ఆ చీర ఉంది. కొంచెం జరగమన్నాను. జరిగి పక్క కమానులోకి వెళ్లింది. అక్కడినుంచి కూడా జరగమంటే అరుగు మీద కూర్చుండిపోయింది.

"మీ కెమెరా ఎవరికైనా దొరికితే, మనుషులు పుట్టకముందు పోగొట్టుకున్నారనుకుంటారు," అంది. కోపంగా అనలేదు. నీళ్ల సీసా మూత తిప్పుకుంటూ, ఎప్పటినుంచో తెలిసిన విషయం చెప్పినట్టు అంది. కాసేపు ఇద్దరం మాట్లాడుకోకుండా కొండ దారి పట్టాం.

సగం దూరంలో నాకు ఆయాసం వచ్చింది. ఆయాసం కనిపించకుండా ఉండాలంటే ఫోటో తీస్తున్నట్టు నిలబడాలి. అలా నిలబడి పొదల అవతలి ఖాళీ మీదికి కెమెరా ఎత్తాను. అక్కడ మేకలు కాస్తున్న ఒకావిడ కర్ర ఆనించుకుని నన్ను చూస్తోంది. నడివయసు మనిషి. ఏం తీస్తున్నావని అడిగింది. ఏమీ లేదమ్మా, ఏమీ లేని చోటును తీస్తున్నాను అన్నాను. ఆమె నవ్వలేదు. నేను అడిగిన సరుకు ఎక్కడ దొరుకుతుందా అని ఆలోచించింది.

"ఏమీ లేంది కావల్లంటే ఈడ కాదు సార్. ఆ బండ మీదికి రాండి. ఆడ ఇంకా శానా ఉండాది."

వెళ్లాం. ఆమె చెప్పింది నిజం. బండ అంచున నిలబడితే కింద ఎర్రనేల, కోత అయిపోయిన వేరుశనగ చేలు, రాళ్లగుట్టలు, వాటి మీద మెల్లగా జరిగే మబ్బు నీడ. చెట్టు కోసం వెతుక్కోవాలి. నేను ఒళ్లు మరిచి ఎన్నో తీశాను. ఇంకొంచెం ఆకాశం రావాలని వెనక్కి వెనక్కి జరిగి ముళ్లపొదలో కూర్చున్నాను. సుభద్ర, ఆ మేకలావిడ చెరో చెయ్యి పట్టి లేపారు. ఆ గొడవలో కిందపడ్డ నా టోపీ అంచును ఒక మేక అప్పటికే నమిలేసింది.

అయినా గర్వంగా కెమెరా తెర వాళ్లకు చూపించాను. ఇదిగో, ఎవరూ లేరు, ఏమీ లేదు. సుభద్ర కళ్లద్దాలు పెట్టుకుని వెతికి, నిజమే ఎవరూ లేరని ఒప్పుకోబోయింది. మేకలావిడ తెర మీద వేలు పెట్టింది. ఈ నల్లగా కనిపించేది వాళ్ల చేను. దాని గట్టు మీద వాళ్లాయన ఈపాటికి బీడీ కాలుస్తూ ఉంటాడు. ఆ పక్కన ఎండిన బోరు వాళ్ల మామ వేయించింది. అవతల తెల్లగా మెరిసే రేకు వాళ్ల పెద్దకూతురు ఇల్లు. ఎవరూ లేని నా ఫోటోలోకి సగం పల్లె వచ్చేసింది. చివరికి ఆమె వేలు ఒక మూలకు వెళ్లి ఆగింది.

"ఇది మా ఆడబిడ్డ చేను. ఆమె మాతో మాట్లాడదు. ఈ పక్క రాకుండా ఇంకోటి తీయి సార్," అంది.

తీశాను. తీయకపోతే ఆమె నన్ను కొండ దిగనిచ్చేలా లేదు. దిగుతున్నంతసేపూ సుభద్ర చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతూనే ఉంది. మా మధ్య మాటలు మళ్లీ మొదలయ్యాయి కాబట్టి టోపీ పోయినందుకు నేను బాధపడలేదు.

ధర్మవరం: గోడ వస్తాండాది

ధర్మవరంలో వీధిలోకి తిరగగానే మగ్గాల చప్పుడు వినిపిస్తుంది. ఒక ఇంటి చప్పుడు ఆగేలోపు పక్కింటిది అందుకుంటుంది. శెట్టి చెప్పి పంపిన ఇల్లు నాగభూషణం అనే నేతగాడిది. ముప్పై అయిదేళ్లుంటాయి. ఆయన నేస్తాడు, భార్య పద్మావతి చీరలు అమ్ముతుంది. ఈ ఏర్పాటు ఎందుకో కాసేపట్లో అర్థమైంది. ఆయన నోట ధర తగ్గించడం తప్ప ఇంకో మాట రాదు. ఆమె నోట ఆ మాట తప్ప అన్నీ వస్తాయి.

సుభద్ర బేరానికి సిద్ధపడి కూర్చుంది. పద్మావతి బేరం మొదలుకాకముందే భోజనం పెట్టేసింది. చిత్రాన్నం, ఆ తర్వాత ఓళిగలు. మా బొబ్బట్టు అరచేతంత, మందంగా ఉంటుంది. వీళ్ల ఓళిగ విస్తరికి సగం పరుచుకుని, అవతలి వెలుతురు కనిపించేంత పల్చగా ఉంటుంది. దాని మీద నెయ్యి పోస్తూనే ఉంటారు. మూడోది తిన్నాక సుభద్రకు బేరమాడే శక్తి పోయింది. వంకాయ రంగుకు బంగారు అంచుది ఒకటి, ఇంకో రెండు, చెప్పిన ధరకే తీసుకుంది. మామూలుగా అయితే దుకాణం గుమ్మం దాకా వెళ్లి రెండుసార్లు వెనక్కి తిరిగే మనిషి.

చీరలు మడతపెడుతుంటే నేను గోడల మీది ఫోటోలు చూస్తున్నాను. మీసాలాయన, నాగభూషణం తాత, దండతో ఉన్నాడు. పక్కనే అంతే పెద్ద ఫ్రేము. దానికీ దండ వేసి, గాజు మీద గంధం బొట్టు పెట్టారు. లోపల మనిషి లేడు. సున్నం వేసిన గోడ, దాని మీద ముదురు రంగు మచ్చ, కింద వంకరగా పరిచిన చాప. అంతే. కింది సగం తేమకు పొక్కిపోయి ఉంది గానీ, నాకు ఒళ్లు పులకరించింది. నాలాంటివాడు ఒకడు ఈ ఊళ్లో ఉన్నాడు, పైగా ఫ్రేము కట్టించి దండ వేశాడు.

"ఎవరు తీశారండీ ఇది? ఖాళీ గోడను ఇంత బాగా తీసినవాళ్లను నేను చూడలేదు," అన్నాను.

మగ్గం ఆగిపోయింది. పద్మావతి చేతిలో చీర సగం మడతలో ఉండిపోయింది. సుభద్ర నా కాలు తొక్కింది.

"ఖాళీ గోడ కాదు సార్," అన్నాడు నాగభూషణం. "మా అవ్వ."

ఆవిడ పేరు నారాయణమ్మ. నాగభూషణాన్ని పెంచింది ఆవిడే. చనిపోయి మూడేళ్లయింది. కెమెరా కనిపిస్తే చాలు, లేచి వంటింట్లోకి పోయేది. ఇంట్లో జరిగిన పెళ్లిళ్ల ఫోటోలన్నీ తెచ్చి చూపించారు. ఒకదాంట్లో ఆవిడ మోచెయ్యి ఉంది, ఒకదాంట్లో వెళ్లిపోతున్న కొంగు ఉంది. ఆధార్ కార్డులో ఉంటుంది కదా అని అడిగాను. ఉందట. చనిపోయాక దాన్నే పెద్దది చేయించి గోడకు తగిలించారట. అందులో ఆవిడ ఎవరో దొంగతనం అంటగట్టినట్టు చూస్తోందని, అన్నం తినేటప్పుడు ఆ చూపు భరించలేక వారానికే తీసేశానని పద్మావతి చెప్పింది. అప్పుడు తనే, అవ్వ కూర్చునే చోటును ఫోనులో తీసి ఫ్రేము కట్టించింది.

అవ్వ రోజంతా మగ్గం పక్కన ఆ గోడకు ఆనుకుని, రాట్నం మీద కండెలకు పట్టుదారం చుట్టేది. తలనూనె ఇంకి గోడ మీద ఆ మచ్చ పడింది. పండక్కి సున్నం వేసినప్పుడల్లా దాని చుట్టూ వేసి, దాన్ని వదిలేస్తారు.

నేను తిరిగి చూశాను. మచ్చ అక్కడే, నాకు నాలుగడుగుల దూరంలో ఉంది. వచ్చినప్పటినుంచి చూస్తూనే ఉన్నాను, గోడ మాసిందనుకున్నాను.

ఇప్పుడు చిక్కు ఏమిటంటే, వానలకు పైకప్పు కారి ఫోటో పాడైంది. తీసిన ఫోను ఎప్పుడో పోయింది. రెండు రోజుల్లో ఆ చోటికి ఇంకో మగ్గం రాబోతోంది, ఆ గోడ చెక్కి ప్లాస్టరింగు చేయాలి. ఒక్క మగ్గంతో ఇల్లు గడవడం కష్టంగా ఉందని చెప్పేటప్పుడు నాగభూషణం గోడవైపు చూడలేదు. కొత్త ఫోనులో చాలాసార్లు తీసి చూశారట.

"గోడ వస్తాండాది సార్. అవ్వ రావడంల్యా," అంది పద్మావతి.

ఇన్నాళ్లూ ఖాళీని నా ఇష్టం వచ్చినట్టు తీశాను, బాగుందో లేదో నేనే చెప్పుకున్నాను. ఇది అలా కుదిరేది కాదు. ఇందులో ఎవరున్నారో వీళ్లకు తెలుసు.

చోటు సిద్ధం చేసే దగ్గరే గొడవ మొదలైంది. నాగభూషణం చాపను తిన్నగా పరిచాడు. అవ్వ చాప ఏనాడూ తిన్నగా లేదని పద్మావతి వంకర చేసింది. ఆయన రాట్నం తెచ్చి పెట్టాడు. ఆమె తీసేసింది.

"రాట్నం లేకుంటే ఊరికే కూచున్నట్టుంటాది. మా అవ్వ ఎప్పుడన్నా ఊరికే కూచున్నిందా?" అన్నాడు.

"పోయినాక గూడా పని చెయ్యల్లనా ఆమె?" అంది.

రాట్నం బయటికి వెళ్లింది. నేను నిలబడి, గది చీకటిగా ఉందని ఫ్లాషు వేసి తీశాను. ఇద్దరూ తెరలోకి తొంగి చూశారు. పద్మావతి నన్ను నొప్పించకుండా, గోడ బాగా వచ్చింది సార్ అంది. నా ఫోటోలను ఎంతోమంది అలాగే మెచ్చుకున్నారు. ఆ రోజే మొదటిసారి అది నాకు తగిలింది. ఇంకో నాలుగైదు తీశాను. అన్నింటిలోనూ గోడే వచ్చింది.

ఈలోగా సుభద్ర పాత ఫ్రేమును కిందికి దింపించి, ఒళ్లో పెట్టుకుని చూస్తోంది. ఇది నిలబడి తీసిన ఫోటోలా లేదే అంది. అవ్వతో మాట్లాడేటప్పుడు నువ్వెక్కడ కూర్చునేదానివని పద్మావతిని అడిగింది. వంటింటి గడప మీద, కూరగాయలు తరుగుతూ అని ఆమె చెప్పింది.

"వెళ్లి అక్కడ కూర్చోండి," అంది సుభద్ర నాతో. "ఆ మెరుపు కూడా ఆపేయండి. పెద్దావిడ మొహం మీద టార్చిలైటు వేసినట్టు ఉంది."

ఆ గడప ఎత్తు తక్కువ, నా మోకాళ్లకు ఓపిక తక్కువ. నాగభూషణం భుజం పట్టుకుని విడతలు విడతలుగా కూర్చున్నాను. సుభద్ర వీధి తలుపు పూర్తిగా తెరిచి పట్టుకుంది. సాయంత్రపు వెలుతురు నేల మీదుగా చాప దాకా వచ్చింది. అక్కడినుంచి చూస్తే గోడ మీది మచ్చ సరిగ్గా నా కళ్ల ఎత్తులో ఉంది. ఎదురుగా కూర్చున్న మనిషి తల ఎక్కడుంటుందో అక్కడ. ఊపిరి బిగపట్టి నొక్కాను.

కెమెరా వాళ్ల చేతికిచ్చాను. ఇద్దరూ తెర మీదికి వంగారు. నాగభూషణం మెల్లగా, వచ్చింది అన్నాడు. పద్మావతి తల ఒక పక్కకు వంచి చూసింది.

"వచ్చింది గానీ, కొంచెం చిక్కినట్టుండాది," అంది.

ఆయన మళ్లీ చూసి, అవును, చిక్కింది అని ఒప్పుకున్నాడు. నేను లెన్సు సరిచేసుకుని కొంచెం దగ్గరగా తీశాను. ఈసారి పద్మావతి చూసి, కెమెరా పట్టుకుని వంటింట్లోకి వెళ్లిపోయింది. సుభద్ర వెనకే వెళ్లింది. వాళ్లు తిరిగి వచ్చేదాకా నాగభూషణమూ నేనూ మగ్గం గురించి ఏదో మాట్లాడుకున్నాం.

బజారులో స్టూడియో

రాత్రి మా రైలుకు ముందే ప్రింటు వేయించాలని నాగభూషణం నన్ను బండి మీద బజారులోని స్టూడియోకు తీసుకెళ్లాడు. స్టూడియో ఆయన ఫోటోను కంప్యూటరులోకి ఎక్కించి, మావైపు తిరిగి, మనిషి ఎక్కడ సార్, వేరే ఫోటో ఇచ్చినట్టున్నారు అన్నాడు. అదే ఫోటో అని, ఇంట్లో ఉన్న ఫ్రేము కొలతకు వేయమని నాగభూషణం చెప్పాడు. ఆయన భుజాలెగరేసి పనిలో పడ్డాడు. మేము బెంచీ మీద కూర్చుని టీ తెప్పించుకున్నాం.

కాసేపటికి ఆయన సంతోషంగా తెరను మావైపు తిప్పాడు. గోడ పాలలా తెల్లగా మెరిసిపోతోంది. చాప ఉంది. మచ్చ లేదు.

"గోడ మీద మరక పడింది సార్, తీసేసినా. దానికేం ఎక్కువ తీసుకోనులే," అన్నాడు.

నాగభూషణం టీ గ్లాసు బెంచీ మీద పెట్టి లేచాడు. గొంతు పెంచలేదు.

"అది మరక కాదప్పా. నువ్వు మా అవ్వను తీసేసినావు. మళ్లీ పెట్టు."

స్టూడియో ఆయన మా ఇద్దరి మొహాలూ చూశాడు. నేను తల ఊపాను. ఆయన ఇంకేమీ అడగకుండా ఒక మీట నొక్కాడు. తెల్లటి గోడ మీద మచ్చ తిరిగి వచ్చింది. నాగభూషణం కుర్చీ లాక్కుని తెరకు దగ్గరగా కూర్చున్నాడు.

"ఆ, వచ్చింది," అన్నాడు. "ఇంగ ప్రింటు కొట్టు."